సాంచాల సందులో ఉకులేలే

ఉద్యోగం కొత్త, జీతం తక్కువ, గొంతు పెద్దది. సిరిసిల్లలో విలేకరిగా చేరిన ఆ రోజుల్లో నా పరిస్థితి ఇదీ. గొంతు పెద్దది కావడం పుట్టుకతో వచ్చిన గుణం కాదు. నేను అద్దెకున్న గదికి ఆ పక్కన ఒక కార్ఖానా, ఈ పక్కన ఒక కార్ఖానా. రెండింట్లోనూ సాంచాలు (మరమగ్గాలను మా వైపు అట్లాగే అంటారు) పగలూ రాత్రీ నడుస్తుండేవి. ఆ సందులో ఉప్పు అడగాలన్నా ఉపన్యాసం ఇచ్చినట్టే అడగాలి. నాకూ అదే అలవాటై, వార్త చెప్పడానికి డెస్కుకు ఫోన్ చేస్తే అవతలి పెద్దమనిషి, "ఎందుకయ్యా అరుస్తవ్? ఎవరన్న కొడుతున్నరా?" అని కంగారుపడేవాడు. ఎవరూ కొట్టడం లేదని కూడా అరిచే చెప్పేవాణ్ని. అట్లాంటి చోట ఉండి నేను సంగీతం నేర్చుకోవాలనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రవాడి వీపు తట్టాలనిపిస్తుంది, కాస్త గట్టిగానే.

దీనికి మూలం మా బావ. అక్కావాళ్లది కథలాపూర్ పక్కన పల్లె, వ్యవసాయం. బావ దుబాయిలో పని. ఆ ఏడు సెలవు మీద వచ్చేటప్పుడు గిటారు తెమ్మని అడిగాను. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల పెట్టె విప్పడం మా వైపు చిన్న పండగ లాంటిది. వాడకట్టంతా చుట్టూ చేరుతుంది. సబ్బులు వచ్చాయి, సెంటు సీసాలు వచ్చాయి, పాలపొడి డబ్బా వచ్చింది. చివరికి పులి బొమ్మ ఉన్న బరువైన దుప్పటి వచ్చింది. దాని మడతలోంచి బావ ఒక చిన్న వాయిద్యం తీసి నా చేతిలో పెట్టాడు. గిటారులాగే ఉంది, కానీ ఎండలో ఆరేసి మరిచిపోతే ముడుచుకుపోయిన గిటారులా ఉంది. నాలుగే తీగలు.

"పెద్దదే తెద్దామని పోయిన బామ్మర్దీ," అన్నాడు బావ. "విమానంల సామాను తూకం దాటుతది. దుప్పటి తియ్యాల్నా, గిటారు తియ్యాల్నా అని ఫోన్ చేస్తే మీ అక్క దుప్పటే తెమ్మన్నది. అందుకే గిది తెచ్చిన. దీని పేరు ఉకులేలే అట. గిటారు పిల్ల. మంచిగ సాదుకో, పెద్దగైతది."

"పెద్దగైతదో లేదో గని, తమ్మీ, దీని మొలలు గుచ్చుకొని నా దుప్పటికి దారాలు లేచినయ్," అంది అక్క. పక్కింటి ముసలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "గింతదాని కోసం గంత దూరం పోవాల్నా కొడుకా?" అని బావ వైపు జాలిగా చూసింది.

ఫోన్లో వీడియోలు చూసి ఏదైనా నేర్చుకోవచ్చని లోకమంతా నమ్మడం మొదలుపెట్టిన కాలం అది. నేనూ నమ్మాను. ఏ దేశపు అమ్మాయో, వెనకాల సముద్రం పెట్టుకుని, నవ్వుతూ పాఠాలు చెప్పేది. మొదటి పాఠం తీగలు శ్రుతి చేసుకోవడం. దాన్ని దాటేశాను. (కొత్త సైకిలు కొన్నవాడు చక్రాలు తాను బిగించుకుంటాడా? దుకాణంవాడే బిగించి ఇస్తాడు. దుబాయి దుకాణంవాడు మాత్రం శ్రుతి చేయకుండా అమ్ముతాడా?) తర్వాతి పాఠం అసలు సంగతి: కుడిచేత్తో తీగల మీద మీటే వరస. కిందికి, కిందికి, పైకి, పైకి, కిందికి, పైకి. ఇంతే. ఇది వస్తే సగం పాటలు వచ్చినట్టేనని ఆ అమ్మాయి హామీ ఇచ్చింది. చెప్పుకోవడానికి సులువుగానే ఉంది కానీ, పైకి మీటిన చెయ్యి మళ్లీ పైకే మీటాలంటే మధ్యలో ఒకసారి ఉత్తగా కిందికి దిగాలి, తీగను తాకకుండా. అంటే చెయ్యి ఎప్పుడూ ఆగదు, కొన్నిసార్లు తగలదు, అంతే. నా చెయ్యి మాత్రం తగలకూడని చోట తగిలేది, తగలాల్సిన చోట ఆగి ఆలోచించేది.

అప్పుడు ఆదుకున్నవి సాంచాలే. వాటికి ఆగడం తెలియదు. గోడ అవతల టకటక, టకటక అంటూ ఒకే తీరుగా కొడుతుంటే, నా చెయ్యి తనంతట తాను ఆ చప్పుడుకు తగులుకుంది. టక్ అంటే కిందికి, టక్ అంటే పైకి. కొన్నాళ్లకు నేను ఆలోచించడం మానేశాను, చెయ్యి మాత్రం నడుస్తోంది. పొద్దున్నే వార్తల వేటకు బయల్దేరే ముందు గది ముందు మెట్టు మీద కూర్చుని గంటసేపు మీటేవాణ్ని. ఎంత బాగా మీటుతున్నానో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ చప్పుళ్లో ఎవరికీ వినపడదు. నాకు కూడా వినపడదు. ఈ రెండో సంగతి మీద నాకెందుకో అనుమానం కలగలేదు. (సాంచాలు ఆగే రోజులూ ఉండేవి. కానీ నిశ్శబ్దం దొరికితే ఆ సందులో ఎవరైనా మొదట చేసే పని నిద్రపోవడం. నేనూ అదే చేసేవాణ్ని.)

మా ఇంటామె బీడీలు చుట్టుకుంటూ చాలా రోజులు నన్ను గమనించి, ఒకనాడు ఉండబట్టలేక దగ్గరికొచ్చి చెవిలో అరిచింది. "సారూ, రోజు దాని మీద దుమ్ము దులుపుతున్నరు, పోతలేదా?"

"దుమ్ము కాదమ్మా, వాయిస్తున్న!"

"అవునా! చప్పుడు రాదా దానికి?"

"వస్తది, సాంచాలల్ల ఇనవడది!"

ఆమె కాసేపు నా చేతిని చూసి, "చెయ్యైతే మంచిగ తిరుగుతున్నది," అని మెచ్చుకుని పోయింది. అదే నాకు దొరికిన మొదటి ప్రశంస. రెండోది బావది. సిరిసిల్లకు పనిమీద వచ్చి, ఆ మెట్టు మీదే కూర్చుని నా వాయింపు చూశాడు. విన్నాడని అనలేను. "బామ్మర్దీ, మస్తు!" అని బొటనవేలు పైకెత్తాడు.

ఆ బొటనవేలే కొంప ముంచింది. ఆ సెలవులోనే బావ నన్ను కోరుట్లకు పెళ్లిచూపులకు తీసుకుపోయాడు. అమ్మాయి ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు టీచరు. వాళ్ల తాత తాళ్లెక్కి కల్లు గీసేవాడట, తండ్రి ఆ పని మాని టెంట్ హౌస్ పెట్టుకున్నాడు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ కుర్చీలు, షామియానాలు, మైకులు కిరాయికిస్తాడు. బస్టాండుకు ఎదురుగానే దుకాణం. ఆయన నా చదువు అడిగాడు, జీతం అడగబోయి విలేకరినని గుర్తొచ్చి మర్యాదగా మానుకున్నాడు. మాటల్లో సందు దొరకగానే బావ దూరాడు.

"మావోడు వార్తలు రాసుడొక్కటే కాదు, సంగీతం గూడ వాయిస్తడు."

"ఏం సంగీతం? బ్యాండా?" అన్నాడాయన, వ్యాపారి కదా, ఆశగా.

"ఉకులేలే. గిటారు పిల్ల."

అప్పటిదాకా చాయ్ కప్పుల పళ్లెం వైపే చూస్తున్న అమ్మాయి తలెత్తింది. "నిజంగనే వస్తదా మీకు?"

"వస్తది," అన్నాను. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఆ క్షణాన నాకంటే నిజాయితీపరుడు కోరుట్లలో లేడు.

"మా బడిల యానివల్ డే ఉన్నది. మా పిల్లలది కూరగాయల పాట. కీబోర్డు వాయించే సారు మానేసి పోయిండు. మీరొస్తరా?"

నేను నోరు తెరిచేలోపే వాళ్ల నాన్న తొడ చరిచాడు. "గంతే! మా చుట్టాలందరు ఆడికే వస్తరు. పిలగాన్ని అందరు సూసినట్టుంటది. ఆ తెల్లారే కూసొని మాట ఖాయం చేసుకుందాం. సౌండ్ నాదే. పెద్ద బాక్సులు పెట్టిస్త, బస్టాండు దాక ఇనవడాలె!"

అమ్మాయి నాకు నచ్చింది. తల దించుకుని ఉన్నప్పుడే నచ్చింది, తలెత్తి "నిజంగనే వస్తదా" అని అడిగిన తీరుకు మరీ నచ్చింది. కాబట్టి వ్యవహారం చాలా తేటగా ఉంది. పాట కుదిరితే సంబంధం కుదురుతుంది. పాట నాకు వచ్చిందే. సిరిసిల్లకు తిరిగొచ్చే బస్సులో నేను పెళ్లికి ఏ రంగు చొక్కా వేసుకోవాలో ఆలోచించాను.

కార్యక్రమం సాయంత్రం. పిల్లలతో ఒకసారి కలిసి వాయించి చూద్దామని ఆ అమ్మాయి పొద్దున్నే రమ్మంది. బడికి సెలవు. చిన్నపిల్లల తరగతి గది. వంకాయ, టమాట, బెండకాయ, గుమ్మడికాయ వేషాలేసుకోబోయే పిల్లలు నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఎక్కడా ఏ చప్పుడూ లేదు. ఫ్యాను కూడా తిరగడం లేదు. నేను కుర్చీలో సర్దుకుని, ఒక నవ్వు నవ్వి, మొదటిసారి కిందికి మీటాను.

ఆ శబ్దం ఎట్లా ఉందో చెప్పడానికి నా ఇన్నేళ్ల పత్రికా భాష ఇప్పటికీ చాలదు. స్టీలు గిన్నెల అలమర మీంచి పిల్లి దూకినట్టుంది అంటే కొంత దగ్గరగా వస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. మళ్లీ మీటాను. నా ఒళ్లోంచే వస్తోంది. గుమ్మడికాయ కాబోయే పిల్ల చెయ్యెత్తింది. "సార్, పాట ఎప్పుడు షురువైతది?"

"షురువైంది," అన్నాను.

"తీగలు శ్రుతి చేసిండ్రా?" అని అడిగింది టీచరు, చాలా నెమ్మదిగా.

"దుబాయిల చేసే ఇచ్చిండ్రేమో అనుకున్న."

ఆమె నా చేతిలోంచి ఉకులేలే తీసుకుంది. ఫోన్లో ఏదో యాప్ తెరిచి, ఒక్కో తీగనూ మీటుతూ, గీత ఆకుపచ్చ అయ్యేదాకా తీగలు బిగించే మొలలు తిప్పింది. తిరిగి ఇచ్చాక ఒకసారి మీటితే నిజంగానే తీయగా పలికింది. ఇక వరస అందుకుందామని చెయ్యెత్తాను. చెయ్యి లేచింది, అక్కడే నిలబడింది. కిందికి, కిందికి... తర్వాత ఎప్పుడు? గోడ అవతల ఎవరూ ఏమీ చెప్పడం లేదు. నాలో ఉందనుకున్న తాళం నాలో లేదు, పక్క కార్ఖానాలో ఉంది. నేను దాన్ని సిరిసిల్లలోనే వదిలి బస్సెక్కాను.

చివరి ప్రయత్నంగా వరండాలోకి పోయి ఇంటామెకు ఫోన్ చేశాను. "అమ్మా, మీ ఫోను జెర సాంచాల కాడ పెట్టుండ్రి!" ఆమె ఎందుకని అడగలేదు. (అద్దె సరిగా కట్టేవాణ్ని, నా మీద గౌరవం ఉండేది.) కానీ ఆమెది కొత్త ఫోను, తెలివైంది. మనిషి గొంతును ఉంచి, మిగతా చప్పుడంతా వడగట్టేసింది. నాకు వినపడిందల్లా, "పెట్టిన సారూ! ఇనవడుతున్నయా? ఇంకా లోపటికి పోవాల్నా? ఇనవడుతున్నయా?" అన్న కేకలే. వాటికి వాయించడానికి కూడా ఒక అరక్షణం ప్రయత్నించాను.

వెనక్కి తిరిగితే టీచరు గడపలో నిలబడి ఉంది. సంగతంతా చెప్పాను. "అంటే సాంచాలు లేకుంటే మీకు రాదా?" అంది. "గీ సంగతి నాకు గిప్పుడే తెలిసింది," అన్నాను. నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. "మీరు పోండ్రి," అంది. "జ్వరమొచ్చిందని మా బాపుకు చెప్త. పిల్లలు ఉత్తగనే పాడుకుంటరు. అంతమందిల మీరు నవ్వులపాలు గావద్దు." మరి రేపు ఖాయం చేసుకోవాల్సిన మాట సంగతేమిటని నేను అడగలేదు.

బస్టాండులో వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు సిద్ధంగా ఉంది. ఆశ్చర్యంగా కిటికీ పక్క సీటు దొరికింది. ఉకులేలేను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అక్కకు ఏం చెప్పాలి, బావకు ఏం చెప్పాలి అని వరసగా అబద్ధాలు తయారు చేసుకుంటున్నాను. అంతలో డ్రైవరు వచ్చి ఇంజను స్టార్టు చేసి, చాయ్ తాగడానికి దిగిపోయాడు. పాత బస్సు. కిటికీ అద్దాలు, సీటు కింది రేకు, నా మోకాళ్లు, అన్నీ ఒకే తీరుగా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కాసేపటికి పక్క సీటు పెద్దమ్మ నా వైపు తిరిగింది. "మంచిగున్నది కొడుకా. ఇంకొకటి కొట్టు."

చూసుకుంటే నా చెయ్యి నడుస్తోంది. కిందికి, కిందికి, పైకి, పైకి, కిందికి, పైకి. తాకకూడని చోట తాకడం లేదు. శ్రుతిలో ఉంది కాబట్టి, చెప్పకూడదు గానీ, బాగుంది కూడా. నేను దిగ్గున లేచాను. మెట్ల దగ్గర కండక్టరు అడ్డం వచ్చాడు. "ఓ అన్నా, బస్సు ఎల్లుతది, ఏడికి?"

"జనరేటర్ కోసం!"

"బస్సుల జనరేటర్ ఏడున్నది?" అని అతను వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. నేను రోడ్డు దాటేశాను.

టెంట్ హౌస్‌లో తండ్రీ కూతురూ ఇద్దరూ ఉన్నారు. ఆమె నా జ్వరం గురించి చెప్పడం అప్పుడే ముగించినట్టుంది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కూతురితో, "జ్వరమన్నవ్ గద బిడ్డా?" అన్నాడు. ఆమె నా మొహంలోకి చూసి, "తగ్గినట్టున్నది," అంది.

ఆయన్ని ఏమని పిలవాలో ఇంకా తేలలేదు కాబట్టి 'సార్' అన్నాను. "సార్, రాత్రికి జనరేటర్ పెట్టిస్తరా? స్టేజీ ఎనకాలనే, పరదకు ఆనుకొని."

"కరెంటు ఉంటది గదయ్యా?"

"ఉంటది. అయినా జనరేటరే నడవాలె."

ఆయన కళ్లు మెరిశాయి. దుకాణం వెనక్కి నన్ను తీసుకుపోయి, గోనెపట్టాలు తొలగించి, పాత డీజిల్ జనరేటర్ని చూపించాడు. "ఒకప్పుడు దీని కోసం లైన్ గట్టేటోళ్లు. కరెంటు పోవుడు బంద్ అయినకాడికెళ్లి దీన్ని అడిగినోడే లేడు. ఇగో, ఇన్నొద్దులకు నువ్వు అడిగినవ్," అంటూ దాని రేకును తట్టాడు. ఆయన నన్ను అల్లుడిగా ఖాయం చేసుకున్నది ఆ తట్టడంలోనేనని నా అనుమానం.

సాయంత్రం పరదా వెనకాల జనరేటర్ డుగుడుగుమని అందుకుంది. నేను పరదాకు వీపు ఆనించి కూర్చున్నాను. చెయ్యి బ్రహ్మాండంగా కదిలింది. కూరగాయలు పాట ఎత్తుకున్నాయి. అంతా సవ్యంగా సాగుతుండగా ఫొటోగ్రాఫరు తన పెద్ద వీడియో లైటు వెలిగించాడు. పాపం ముసలి జనరేటర్, ఆ బరువుకు మూలిగి నెమ్మదించింది. దానితో నా చెయ్యీ నెమ్మదించింది. నా చేతిని నమ్ముకున్న పిల్లలూ నెమ్మదించారు. టమాట ఒక అడుగు వేసి, రెండో అడుగు ఎప్పుడు వేయాలా అన్నట్టు కాలెత్తి నిలబడింది. లైటు ఆర్పగానే జనరేటర్ ఊపిరి పీల్చుకుని ఉరికింది. వంకాయ, బెండకాయ ఒకదాన్నొకటి తోసుకుంటూ గంతులేశాయి. అతను మళ్లీ వెలిగించాడు. మళ్లీ అందరం బరువుగా నీళ్లలో నడుస్తున్నట్టు కదిలాం. జనం ఈలలు వేశారు. బడి పెద్దసారు మైకందుకుని, "స్లో మోషన్ ఐడియా చేసిన టీచర్ గారికి అభినందనలు," అన్నాడు. సభలో వెనక వరసలో నిలబడ్డ టెంట్ హౌస్ ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చెవి పరదా వైపు పెట్టి, కొడుకు పద్యం అప్పజెబుతుంటే విన్నట్టు వింటున్నాడు.

తెల్లారి మాట ఖాయమైంది. పెద్దవాళ్లు లోపల మాట్లాడుకుంటుంటే ఆమె అరుగు మీదికి వచ్చింది. "పాట ఎట్లున్నదో మీకు ఎరుకే," అంది. "ఎరుకే," అన్నాను. "గని నిన్న దుకాణంలకెళ్లి సూసిన. మీరు బస్సెక్కిండ్రు. కిటికీ పక్కకు కూసున్నరు. నేనే పొమ్మన్న గద, పోతరనుకున్న. మళ్ల దిగొచ్చిండ్రు. నాకు గది చాలు." బస్సు ఇంజను గురించి చెప్పడానికి అది తగిన సమయం కాదనిపించి, వినయంగా తల వంచుకున్నాను.

ఇప్పుడు మేం జగిత్యాలలో ఉంటున్నాం. ప్రశాంతమైన వీధి. ఉకులేలే పెద్దగా కాలేదు, అంతే ఉంది. ఏ ఇంజనూ సాంచా లేకుండానే ఆ వరస మీటడం నాకు వచ్చేసింది. రావడంతో వినేవాళ్లకు ఆసక్తి పోయింది. మొన్నొక ఆదివారం చాయ్ తాగుతూ, ఇంకా ఎందుకు దాచడమని, నా భార్యకు అసలు సంగతి చెప్పాను. నేను బస్సు దిగింది పౌరుషంతో కాదు, ప్రేమతో కూడా కాదు, ఆ ఇంజను చప్పుడుకు చెయ్యి తిరిగిందని తెలిసి దిగానని. కోపం వస్తుందేమోనని చూశాను. ఆమె బిస్కట్టు చాయ్‌లో ముంచుకుంది.

"ఇంజన్ సప్పుడే గావాలంటే ఆ బస్సుల్నే కూసొని సిరిసిల్ల దాక వాయించుకుంట పోవచ్చు గద," అంది. "మరి దిగుడెందుకు?"

ఎవరు ఏ పని ఎందుకు చేశారో కనుక్కుని రాయడమే నా బతుకుదెరువు. ఆ ప్రశ్న నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమె కప్పులు తీసుకుని లోపలికి పోయింది. నేను అక్కడే కూర్చుని, చంకలో చిన్న వాయిద్యంతో కోరుట్ల రోడ్డు దాటుతున్న ఆ కుర్రవాణ్ని తలచుకున్నాను. తల నిండా జుట్టు ఉండేది వాడికి. బుద్ధి కాస్త తక్కువ. జనరేటర్ కోసమే పోతున్నానని చివరిదాకా గట్టిగా నమ్మాడు, పాపం.